యంత్రమే కనుక్కుంటుందిలే

టైపులు చేత్తో రాయడం భాష సరిగ్గా రానివాళ్ల పని అని నేను చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. నా తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లకి అదే నూరిపోశాను. వాళ్లు రాసుకున్నవాటిని చెరిపించాను. కాదన్నవాళ్లతో వాదించి నెగ్గాను. ఇదంతా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి. అందులో ఒక ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగి ఇస్తుందో మనం చెప్పకపోయినా కంపైలర్ తనే రాబడుతుంది. దీన్నే టైప్ ఇన్ఫరెన్స్ అంటారు. ఆ సదుపాయాన్ని నేను ఎంత తప్పుగా అర్థం చేసుకున్నానో, దాని ఖరీదు ఎవరు చెల్లించారో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఈ భాషతో పరిచయం లేనివారి కోసం కాస్త వివరం. టైప్ అంటే ఒక విలువ ఏ జాతికి చెందిందో చెప్పే గుర్తు. పూర్ణసంఖ్య ఒక టైప్, అక్షరాల వరుస ఒక టైప్, అవునో కాదో చెప్పే విలువ ఒక టైప్, వీటితో కట్టిన లిస్టులు మరికొన్ని. నేను కాలేజీలో నేర్చుకున్న సీ భాషలో వీటిని ప్రతి చోటా ప్రోగ్రామరే రాయాలి. హాస్కెల్ కంపైలర్ మాత్రం వారపత్రికలో గళ్లనుడికట్టు నింపేవాళ్లలా పనిచేస్తుంది. అడ్డం ఆధారంతో తేలిన అక్షరం నిలువుకి సాయపడుతుంది. నిలువులో తేలినది మరో అడ్డానికి దారి చూపిస్తుంది. రెండూ ఒక గడిలో పొసగకపోతే ఎక్కడో తప్పు జరిగిందని తెలుస్తుంది. కొన్ని గళ్లలో ఏ అక్షరం పెట్టినా సరిపోతుందనుకోండి, అప్పుడు కంపైలర్ ‘ఏ టైపైనా ఫర్వాలేదు’ అని రాసుకుంటుంది. అలా రాసుకోవడాన్ని సాధారణీకరణ అంటారు. ఇక్కడ చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఇలా పొసగించే పద్ధతిని 1965లో జాన్ అలన్ రాబిన్సన్ తర్కం కోసం ప్రకటించారు. దాన్ని టైపులకు వాడుతూ రోజర్ హిండ్లీ 1969లో, రాబిన్ మిల్నర్ 1978లో పనిచేశారు. 1982లో లూయిస్ డామస్, మిల్నర్ కలిసి ఒక సిద్ధాంతం ఇచ్చారు. టైప్ కుదిరే ప్రతి ప్రోగ్రాముకీ అన్నిటికంటే సాధారణమైన టైప్ ఒకటి ఉంటుందని, మిగతావన్నీ దాని ప్రత్యేక రూపాలేనని, ఆ ఒక్కదాన్ని తమ పద్ధతి తప్పకుండా కనుక్కుంటుందని.

ఆ సిద్ధాంతాన్ని నేను ఎమ్మెస్సీలో చదివాను. పరీక్షలో నిరూపణ రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ నా మనసులో మిగిలింది చివరి వాక్యం ఒక్కటే. జవాబు ఒక్కటే ఉంటుంది, యంత్రం దాన్ని కనుక్కుంటుంది. సిద్ధాంతం ఏ భాష గురించో ఆ వ్యాసం మొదట్లోనే ఉంది. పేర్లు, ఫంక్షన్లు, ఫంక్షన్‌ని వాడటం, స్థానికంగా ఒక పేరు కట్టడం, దాదాపు అంతే. అంత చిన్న భాష అది. హాస్కెల్ అంతకంటే చాలా పెద్దది. కూడికలాంటి ఒకే గుర్తు రకరకాల సంఖ్యలకు పనిచేసేలా ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ప్రతిపాదించిన టైప్ క్లాసులు అందులో ఉన్నాయి. ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్ల గుంపులున్నాయి. ఏ టైపో తేలని సంఖ్యకు చివర్లో ఒక టైప్ అంటగట్టే నియమం ఉంది. ఇవేవీ ఆ 1982 సిద్ధాంతం పరిధిలో లేవు. సిద్ధాంతంలో లోపం లేదు. దాని ఎల్లలు చూడకుండా తీర్పును మాత్రం మోసుకెళ్లి ఇంకో ఊళ్లో అమలు చేయబోయింది నేను.

పైగా హాస్కెల్‌కి కంపైలర్ ఒక్కటి కాదు. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక సదస్సుకు వచ్చిన పరిశోధకులు, తలోదారిలో నడుస్తున్న ఇలాంటి భాషలన్నిటికీ ఉమ్మడిగా ఒక భాష ఉండాలని కమిటీ వేసుకున్నారు. 1990 ఏప్రిల్ 1న మొదటి రిపోర్టు వెలువడింది. ఆ రిపోర్టును చూసి ఎవరి కంపైలర్ వాళ్లు కట్టారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జీహెచ్‌సీ పుట్టింది. స్వీడన్‌లోని చామర్స్‌లో లెనార్ట్ ఆగస్ట్‌సన్ హెచ్‌బీసీ రాశారు. అక్కడే మొదలైన ఎన్‌హెచ్‌సీ తర్వాత ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పెరిగింది. మార్క్ జోన్స్ హగ్స్ తెచ్చారు, దాన్ని ఎంతోమంది విద్యార్థులు వాడారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు తప్పులు అర్థమయ్యేలా చెప్పాలని హీలియం తయారుచేశారు, మొదట్లో అందులో టైప్ క్లాసులే లేవు. ఇన్ని కంపైలర్లు ఒకే మాట అనాలంటే నియమాలు కచ్చితంగా రాసి ఉండాలి. స్టాండర్డ్ ఎమ్మెల్ అనే భాషకు 1990లోనూ, సవరించి 1997లోనూ గణిత సూత్రాలతో నిర్వచన గ్రంథం వచ్చింది. హాస్కెల్ రిపోర్టు టైపుల నియమాలను చాలావరకు మామూలు ఇంగ్లీషు వాక్యాల్లో చెబుతుంది. ఆ వెలితి గమనించే మార్క్ జోన్స్ 1999లో హాస్కెల్ టైప్ తనిఖీ మొత్తాన్నీ హాస్కెల్‌లోనే ఒక ప్రోగ్రాముగా రాసి ప్రచురించారు. అది చదివి ఉంటే నా కథ ఇక్కడిదాకా వచ్చేది కాదు. శీర్షిక చూసి, తెలిసిన విషయమేలే అని పక్కన పెట్టేశాను.

మొదటి దెబ్బ చదువుకునే రోజుల్లోనే తగిలింది. నేను రాసిన ఒక ప్రోగ్రాములో రెండు ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునేవి. వాటిని ఇక్కడ ‘సరిచూడు’, ‘పోల్చు’ అందాం. సరిచూడుకు మాత్రం టైప్ సిగ్నేచర్, అంటే చేత్తో రాసిన టైప్, ఉంది, అదీ ఒక పుస్తకంలో నుంచి తెచ్చుకున్నది కాబట్టి. అది పోల్చును ఒకసారి అవును-కాదు విలువతో, మరోసారి అక్షరాల వరుసతో పిలిచేది. పోల్చు మళ్లీ సరిచూడును పిలిచేది. జీహెచ్‌సీ దీన్ని మారుమాట లేకుండా ఒప్పుకుంది. మా ల్యాబులో ఉన్న మరో కంపైలర్ ఒప్పుకోలేదు. ఒకే ఫంక్షన్‌ను రెండు వేరు టైపులతో ఎలా వాడతావని ఆపేసింది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జవాబు ఒక్కటే ఉంటుందని సిద్ధాంతం చెబుతోంది, ఒక కంపైలర్ కనుక్కుంది, రెండోది కనుక్కోలేకపోయింది, కాబట్టి రెండోదాంట్లో బగ్ ఉంది. దాన్ని నడిపేవాళ్లకు అదే ధోరణిలో ఉత్తరం రాశాను. హిండ్లీ, మిల్నర్ల పేర్లు కూడా చేర్చాను. జీతం లేకుండా, తీరిక వేళల్లో ఆ పని చేస్తున్న మనుషులు వాళ్లు. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మొదటి రిపోర్టు తర్వాత వచ్చిన హాస్కెల్ 98 రిపోర్టులో 4.5.1 విభాగం చూడమన్నారు.

చూశాను. ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్లన్నీ ఒకే గుంపు అని అక్కడ ఉంది. గుంపు తేలేదాకా, సిగ్నేచర్ లేని ఫంక్షన్‌కు ఒకే ఒక్క టైప్ ఉండాలి, ఆ తర్వాతే సాధారణీకరణ. నా పోల్చుకు సిగ్నేచర్ లేదు. కాబట్టి గుంపు లోపల దాన్ని రెండు టైపులతో పిలవడం నిబంధన ప్రకారం తప్పే. నేను నిందించిన కంపైలర్ రిపోర్టును అక్షరాలా పాటించింది. జీహెచ్‌సీ చేసింది వేరు. సిగ్నేచర్ ఉన్న ఫంక్షన్‌ను ఎవరు పిలిచినా ఆ పిలుపును గుంపులు కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోనక్కర్లేదని మార్క్ జోన్స్ సూచించారు. ఆ ఫంక్షన్ టైప్ ముందే రాసి ఉంది కదా, దాని కోసం ఆగాల్సిన పనేముంది? ఆ సూచన ప్రకారం పోల్చు సరిచూడు గుంపులోంచి బయటపడుతుంది. ముందు దాని టైప్ తేలి, సాధారణమై, ఆ తర్వాత సరిచూడు వంతు వస్తుంది. అప్పుడు రెండు టైపులతో పిలిచినా ఇబ్బంది లేదు. ఈ సడలింపు హాస్కెల్ 2010 రిపోర్టులో అధికారికంగా చేరింది. నేను ఉత్తరం రాసేనాటికి అది ఒక కంపైలర్ ఇచ్చిన వెసులుబాటు మాత్రమే.

ఇక్కడ నేను చూడాల్సింది ఇంకొకటుంది. నా ప్రోగ్రాము జీహెచ్‌సీలో నడిచింది సరిచూడుకు సిగ్నేచర్ ఉండబట్టే. అది తీసేస్తే జీహెచ్‌సీ కూడా ఒప్పుకోదు. మనిషి రాసిన ఒక వాక్యం పక్క ఫంక్షన్ టైపును మార్చేసింది. టైపులు రాయడం అనవసరం అనే నా వాదనను అక్కడికక్కడే కూల్చే సాక్ష్యం అది. నాకు కనబడలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా. ‘జీహెచ్‌సీయే అసలైన హాస్కెల్, మిగతావి వెనకబడ్డాయి’ అని సర్దుకుని ముందుకు పోయాను. ఆ ఉత్తరానికి క్షమాపణ చెబుతూ ఇంకో ఉత్తరం రాయలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధపెడుతుంది.

జీహెచ్‌సీ ఒక్కటే లోకం అనుకున్నాక అయినా నా నమ్మకం నిలబడాలి. నిలబడలేదు, ఎందుకంటే జీహెచ్‌సీ కూడా ఒక్కటి కాదు. ఒక్కో వర్షన్ ఒక్కోటి కనుక్కుంటుంది. 2010లో వచ్చిన 7.0 నుంచి, జీఏడీటీలు, టైప్ ఫ్యామిలీలు అనే అదనపు సదుపాయాలు వాడే మాడ్యూళ్లలో స్థానిక నిర్వచనాలను ఇదివరకటిలా సాధారణీకరించడం మానేశారు. అవి ఉన్నచోట స్థానిక సాధారణీకరణ మిగతా వ్యవస్థను చిక్కుల్లో పెడుతుందని, దాని అవసరం ఆచరణలో తక్కువని జీహెచ్‌సీ ముఖ్య రూపకర్త సైమన్ పేటన్ జోన్స్, ఆయన సహచరులు బాహాటంగా వాదించి తీసుకున్న నిర్ణయం అది.

2012లో 7.4 వచ్చినప్పుడు జరిగింది నన్ను మరింత చెడగొట్టింది. అప్పటిదాకా సంఖ్య అయిన ప్రతిదాన్నీ సమానమో కాదో పోల్చవచ్చనే హామీ ఉండేది. ఆ వర్షన్‌లో ఆ హామీ తీసేశారు. దాంతో సున్నాతో పోల్చి ఆగే ఫాక్టోరియల్ లాంటి ఫంక్షన్‌కు ‘సంఖ్య అయితే చాలు’ అనే టైప్ పోయి, ‘సంఖ్య కావాలి, పోల్చడానికి వీలైనదీ కావాలి’ అనే టైప్ వచ్చింది. సిగ్నేచర్ రాసుకున్నవాళ్ల కోడ్ ఆగిపోయింది. రాయని నా కోడ్ సాఫీగా కంపైల్ అయింది. నేను దాన్ని విజయంగా చూపించుకున్నాను. చూశారా, రాసినవాళ్లకే తిప్పలు అన్నాను. వాళ్లకు కంపైలర్ ఏ లైనులో ఏ షరతు కొత్తగా చేరిందో చేతిలో పెట్టింది. నా ఫంక్షన్ల టైపులు మాత్రం నాకు తెలియకుండా మారిపోయాయి. నా లైబ్రరీని వాడుకునేవాళ్ల దగ్గర ఆ మార్పు ఎక్కడో దూరంగా తప్పుగా తేలింది. ఆ తప్పుకు మూలం నా దగ్గరుందని వాళ్లకు తెలిసే దారే లేదు.

ఆ తర్వాతే మా బృందంలోకి ఒక అమ్మాయి వచ్చి చేరింది. పని చక్కగా నేర్చుకుని వచ్చింది. ప్రతి ఫంక్షన్ పైనా సిగ్నేచర్ రాసేది, చిన్న కాన్‌స్టెంట్లకు కూడా. ఆమె కోడ్ సమీక్షించే బాధ్యత నాది. అవన్నీ తీసేయమన్నాను.

“తీసేస్తే చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది అన్నా?” అని అడిగింది.

“కంపైలర్‌ని అడిగితే చెబుతుందమ్మా, అది మనకంటే బాగా కనుక్కుంటుంది” అన్నాను.

ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు తెలియలేదు. ఏ కంపైలర్‌ని, ఏ వర్షన్‌ని, మాడ్యూల్‌లో మిగతా కోడ్ ఏ స్థితిలో ఉన్నప్పుడు అడగాలి అన్నది ఆమె అడిగిన దాంట్లోనే ఉంది. ఆమె నా మాట మన్నించి తీసేసింది. జీహెచ్‌సీలో హెచ్చరికలన్నీ కోరితే, సిగ్నేచర్ లేని పైస్థాయి ఫంక్షన్లను అది వేలెత్తి చూపిస్తుంది. ఆ హెచ్చరికను ప్రాజెక్టు మొత్తానికీ నేనే ఆపేయించాను.

2015లో 7.10కి మారాం. అందులో పొడవు చెప్పే లెంత్ లాంటి ఫంక్షన్లు లిస్టులకే పరిమితం కాకుండా, లోపలున్నవాటిని ఒక్కొక్కటిగా చూడగలిగే ఏ నిర్మాణానికైనా పనిచేసేలా మార్చారు. మంచి మార్పే. కానీ మా దగ్గర ‘లెక్క అంటే లెంత్’ అన్న తీరులో, ఎడమవైపు పేరు తప్ప ఏమీ లేని నిర్వచనాలు చాలా ఉండేవి. అలాంటి నిర్వచనానికి సిగ్నేచర్ లేకపోతే, ‘సంఖ్య కావాలి’ లాంటి క్లాస్ షరతు ఉన్న టైపును సాధారణీకరించకూడదని రిపోర్టు 4.5.5లో ఉంది. దీని పేరు మోనోమార్ఫిజం రిస్ట్రిక్షన్. అలా ఆపకపోతే ఒక్కసారి లెక్కించి దాచుకోవాల్సిన విలువ వాడిన ప్రతిసారీ మళ్లీ లెక్కకు వస్తుందని ఆ నియమం పెట్టారు. పాత వర్షన్‌లో లెంత్‌కు క్లాస్ షరతు లేదు, కొత్తదాంట్లో ఉంది. ఏ నిర్మాణమో తేల్చలేక కంపైలర్ ఆగిపోయింది. అదే వాక్యాన్ని ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ దగ్గర టైప్ చేస్తే ఏ తప్పూ లేదు. ఎందుకంటే 7.8 నుంచి ప్రాంప్ట్ దగ్గర ఆ నియమాన్ని ముందే ఆపేసి ఉంచారు. ఒకే కంపైలర్, ఒకే వర్షన్, ఒకే వాక్యం, ఫైల్లో ఒక జవాబు, ప్రాంప్ట్ దగ్గర ఇంకో జవాబు. దాన్నీ నేను కంపైలర్ తిక్కగానే చూశాను. సిగ్నేచర్లు పెట్టి ఆపద గట్టెక్కించారు నా సహోద్యోగులు, నాకు చెప్పకుండా, నాతో వాదన ఎందుకని.

అసలు నష్టం తప్పు చూపకుండా వచ్చింది. ఆ అమ్మాయి రాసిన కాన్‌స్టెంట్లలో ఒకటి పది ఘాతం ఇరవై, అంటే ఒకటి పక్కన 20 సున్నాలు. భిన్నాలను పూర్ణసంఖ్యలుగా మార్చి లెక్కించడానికి వాడే ప్రమాణం అది. ఆమె దానికి ఇంటీజర్ అని సిగ్నేచర్ రాసింది. హాస్కెల్‌లో ఇంటీజర్‌కు పరిమాణ పరిమితి లేదు. నా మాట మీద ఆ లైను పోయింది. పోయాక కూడా ఏమీ కాలేదు. టైప్ తేలని సంఖ్యకు మాడ్యూల్ చివర్లో ముందుగా ఇంటీజర్‌నే అంటగట్టాలని నియమం కాబట్టి. చాలాకాలానికి ఇంకొకరు అదే మాడ్యూల్‌లో ఒక చిన్న ఫంక్షన్ చేర్చారు. అది ఇంట్ అనే పరిమిత సంఖ్యలతో పనిచేసేది, ఆ కాన్‌స్టెంట్‌ను వాడుకుంది. పైన చెప్పిన 4.5.5 నియమం వల్ల ఆ కాన్‌స్టెంట్‌కు ఒక్క టైపే ఉండాలి. ఇప్పుడు ఆ టైప్ ఇంట్ అని తేలింది. మిగతా మాడ్యూళ్లన్నీ దాన్ని మార్పిడి ఫంక్షన్ ద్వారా తీసుకుంటున్నాయి కాబట్టి ఎక్కడా టైప్ తప్పు రాలేదు. 64 బిట్ల ఇంట్‌లో పది ఘాతం ఇరవై పట్టదు. పొంగి, 7766279631452241920 అయి కూర్చుంది. 32 బిట్ల ఇంట్ ఉన్న కంపైలర్‌తో అయితే అదే లైను 1661992960 అయ్యేది. ఇంట్ కనీసం 30 బిట్ల పరిధి ఇస్తే చాలని రిపోర్టు చెబుతుంది, అంతకుమించి ఎంతన్నది కంపైలర్ రాసేవాళ్ల ఇష్టం.

నివేదికల్లో అంకెలు తప్పాయి. ఎక్కడో తెలియక అందరూ రాత్రిళ్లు కూర్చున్నారు. ఆ కాన్‌స్టెంట్ ఆమె పేరున ఉంది కాబట్టి ముందు ఆమెను నిలదీశారు. సమావేశంలో నేనూ ఉన్నాను. ఆ సిగ్నేచర్ తీసేయమన్నది నేనేనని నాకు అప్పటికి గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకునే ప్రయత్నమూ చేయలేదు. ఇంత పెద్ద సంఖ్యకు టైప్ చూసుకోవద్దా అని ఆమెను అడిగినవాళ్లలో నేనొకణ్ణి. ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పాత మార్పుల చరిత్ర తిరగేస్తుంటే, ఆమె రాసిన లైను, దాని కింద ‘అనవసరం, తీసేయండి’ అన్న నా వ్యాఖ్య కనబడ్డాయి.

మర్నాడు అందరి ముందూ ఆ వ్యాఖ్య చూపించి, తప్పు నాదని చెప్పాను. ఆమెకు విడిగా కూడా చెప్పాను. “నాకు తెలుసన్నా, మీరే చూస్తారని ఊరుకున్నాను” అంది.

ఆ తర్వాతే మార్క్ జోన్స్ 1999 వ్యాసం, హాస్కెల్ 98, 2010 రిపోర్టులు మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివాక నాకు స్థిరపడిన సంగతి ఇది. కంపైలర్ రాబట్టే టైప్ నా ప్రోగ్రాములో దాగి ఉన్న సత్యమేమీ కాదు. గుంపులు ఎలా కట్టాలి, ఎప్పుడు సాధారణీకరించాలి, తేలనిదానికి ఏది అంటగట్టాలి, లైబ్రరీలో ఫలానా ఫంక్షన్ టైప్ ఇవాళ ఏమిటి అన్న ఎన్నో నిర్ణయాల మొత్తం అది. ఆ నిర్ణయాలు తెలివైనవాళ్లు ఆలోచించి తీసుకున్నవి. గ్లాస్గోలో ఒకలా, యార్క్‌లో ఒకలా, పదేళ్ల తర్వాత ఇంకోలా తీసుకునే హక్కు వాళ్లకుంది. నా ఫంక్షన్ ఏం చేయాలని నేను అనుకున్నానో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పని కంపైలర్‌కు అప్పగించి, దానికి భాషమీద పట్టు అని పేరు పెట్టుకున్నాను. టైప్ ఇన్ఫరెన్స్ మీద నాకు ఇప్పటికీ ప్రేమ తగ్గలేదు. స్థానికంగా, ఒక ఫంక్షన్ లోపల, అది ఎంతో శ్రమ తప్పిస్తుంది. రాసిన సిగ్నేచర్‌కూ రాసిన కోడ్‌కూ పొత్తు కుదరనప్పుడు అది పట్టిచ్చే తప్పులు మనిషి కంటికి ఆనవు. కానీ ఆ పొత్తు చూడాలంటే రెండో పక్షం కాగితం మీద ఉండాలి.

హాస్కెల్ రాసే తెలుగు పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, బయటి దేశాల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల కోడ్ సమీక్షించే స్థానంలో ఉన్నవాళ్లకు నా విన్నపం. ఎవరైనా టైప్ సిగ్నేచర్ రాసి తెస్తే తీసేయమనకండి. మాడ్యూల్ బయటికి వెళ్లే ప్రతి పేరుకూ, ప్రతి సంఖ్యా కాన్‌స్టెంట్‌కూ రాయమని అడగండి. సిగ్నేచర్ లేదని చెప్పే హెచ్చరికను నాలాగే మీరూ ఆపేసి ఉంటే, ఈరోజే తిరిగి పెట్టండి.